మనం మాట్లాడుతున్నది పిల్లలతోనా, చుట్టూ ఉన్నవాళ్ళతోనా?



శుక్రవారం పిల్లల తరగతి నడిపే మేం కొందరం వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగులం. మాకూ చిన్నపిల్లలున్నారు. ఈ సంచికకు ఏం రాద్దామా అని కూర్చున్నప్పుడు, మాలో మేం చాలాకాలంగా నవ్వుకునే సంగతి ఒకటి మాటల్లోకి వచ్చింది. నవ్వుతూనే మొదలుపెట్టాం గాని, మాట్లాడుకున్నకొద్దీ అది ఉత్త నవ్వులాట కాదనిపించింది.

సంగతి మీకు తెలిసిందే. ప్రసాదం వరసలో నిలబడి ఉంటాం. వెనక నుంచి ఒక గొంతు: "కన్నా, పక్కవాళ్ళతో షేర్ చేసుకోవాలి కదా! నిన్న అమ్మ ఏం చెప్పింది?" కన్న మూరెడు దూరంలోనే ఉన్నాడు. గొంతు మాత్రం హాలు చివరి దాకా వినిపిస్తోంది. సూపర్ మార్కెట్‌లో పండ్ల దగ్గర ఇంకొకటి: "నాన్నా, పద్నాలుగో ఎక్కం ఒక్కసారి చెప్పు." మాల్‌లో బొమ్మల కొట్టు ముందు మరొకటి: "వద్దు బంగారం, మనింట్లో టీవీ వారానికి అరగంటే కదా!" పిల్లవాడికి చెబుతున్నట్టే ఉంటుంది, వినాల్సింది మాత్రం పక్కవాళ్ళు.

దీనికే రెండో ముఖం తిట్టడం. "నీకు ఎన్నిసార్లు చెప్పాలి? అందరూ చూస్తున్నారు!" అని నలుగురిలో గట్టిగా అరవడం కూడా చాలాసార్లు పిల్లల కోసం కాదు. 'మేం గారాబం చేసే తల్లిదండ్రులం కాదు' అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పుకోవడం.

వేరేవాళ్ళ గురించి ఇలా రాయడం తేలిక. అందుకని మా ఇంట్లో జరిగిందే చెబుతాం. మా పాపకు ఐదేళ్ళు. సాయంత్రాలు బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే తనకొచ్చిన శ్లోకాలన్నీ చెప్పుకునేది. ఒక శుక్రవారం హాల్లో పెద్దవాళ్ళ ముందు నిలబెట్టి, "అమ్మలూ, తాతయ్యగారికి శ్లోకం చెప్పమ్మా" అన్నాం. వాళ్ళమ్మ చీర చాటుకు వెళ్ళిపోయింది. ఊరుకోకుండా, "ఇంట్లో ఎంత బాగా చెబుతుందోనండీ" అని ఇంకాస్త గట్టిగా అన్నాం. ఆ రాత్రి తను బొమ్మతో ఆడుతుంటే విన్నాం. "చెప్పవే, చెప్పు. అందరూ చూస్తున్నారు. ఇంట్లో చెబుతావు కదా!" అని బొమ్మను గదమాయిస్తోంది. ఆ తర్వాత దాదాపు నెల రోజులు మా ఇంట్లో శ్లోకం వినపడలేదు.

తనదిగా ఉన్న ఒక ముద్దైన అలవాటును తీసి మేం అందరి ముందూ ప్రదర్శనకు పెట్టాం. తను దాన్ని దాచేసుకుంది. అంతే జరిగింది.

మరి మనం ఇలా ఎందుకు చేస్తాం? పిల్లల మీద ప్రేమ లేకనా? కానే కాదు. ఎర్వింగ్ గాఫ్మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లలోనే ఒక మాట చెప్పాడు: నలుగురిలో ఉన్నప్పుడు మనిషి కొంత నాటకంలో పాత్రధారిలాగే ఉంటాడు, తెర ముందు ఒక ప్రవర్తన, తెర వెనక ఇంకొకటి. మన ఊళ్ళలో పిల్లల పెంపకం చాలావరకు తెర వెనకే జరిగేది. అరుగు మీద అమ్మమ్మ, పెరట్లో పెద్దమ్మ, వీధిలో మేనమామ ఉండేవాళ్ళు. మనం మంచి తల్లిదండ్రులమని ఎవరికీ నిరూపించాల్సిన పని లేదు. తప్పు చేస్తే అత్తగారు అక్కడే దిద్దేవారు, బాగా చేస్తే మాట్లాడకుండా ఊరుకునేవారు. ఆ ఊరుకోవడమే మనకు మెప్పు.

కువైట్‌లో అలా కాదు. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియా ఖండంలో అంత వేడి నమోదైంది అదేనని ప్రపంచ వాతావరణ సంస్థ తర్వాత ధ్రువీకరించింది. అలాంటి నెలల్లో సాల్మియాలోనో, మంగాఫ్‌లోనో, అబ్బాసియాలోనో ఉన్న రెండు గదుల ఫ్లాట్లలోంచి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తాం? మాల్‌కే. 2007లో తెరిచిన అవెన్యూసే మన పిల్లలకు వీధి, అరుగు, చెరువుగట్టు అన్నీ. అంటే వాళ్ళ మారాం, ఏడుపు, మన బుజ్జగింపు అన్నీ పదిమంది కళ్ళ ముందే. పక్కన సలహా చెప్పే పెద్దవాళ్ళు లేరు. పైగా ఊళ్ళోవాళ్ళ ప్రశ్న ఒకటి నెత్తిమీద ఎప్పుడూ ఉంటుంది: పరాయి దేశంలో పిల్లలకు తెలుగొస్తోందా, పద్ధతులొస్తున్నాయా? ఆ ప్రశ్నకు జవాబే మన గొంతులోంచి గట్టిగా వస్తుంటుంది.

నిజానికి చుట్టూ ఉన్నవాళ్ళు మనల్ని అంతగా చూడరు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం 2000లో ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి అందరూ ఉన్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగంమంది తన చొక్కాను గమనించి ఉంటారని ఆ విద్యార్థి అనుకున్నాడు. గమనించింది దాదాపు నాలుగోవంతు మందే. మన పాప శ్లోకం చెప్పలేదని హాల్లో ఎంతమందికి గుర్తుందో ఇప్పుడు లెక్క వేసుకోండి. గుర్తున్నది పాపకూ మాకూ మాత్రమే.

మెప్పు గురించి ఇంకొకటి. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో కొందరు పిల్లల్ని "నువ్వు చాలా తెలివైనవాడివి" అని, ఇంకొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన లెక్కలిచ్చారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు తొందరగా డీలాపడ్డారు. మీకెన్ని మార్కులొచ్చాయో వేరే బడి పిల్లలకు రాయండి అంటే, ఉన్నవాటికన్నా పెంచి రాసినవాళ్ళూ వీళ్ళలోనే ఎక్కువ. నలుగురిలో మనం గట్టిగా అనే మెప్పు ఎక్కువగా ఈ రకందే. "మావాడు చాలా షార్పండీ" అన్న మాట బిడ్డకు బలం ఇవ్వదు, మోయాల్సిన బరువు ఇస్తుంది.

మన పెద్దలకు ఇది తెలియదా? తెలుసు. కన్నబిడ్డను నలుగురిలో పొగడకూడదు, ఆయుక్షీణం అనేవారు. కిరాతార్జునీయం రాసిన భారవి గురించి చెప్పుకునే కథ గుర్తుందా? అందరూ భారవిని మెచ్చుకుంటే తండ్రి మాత్రం నలుగురిలో తీసిపారేసేవాడు. భారవి కోపం పట్టలేక, తండ్రి నెత్తిన వెయ్యడానికి బండరాయి పట్టుకుని అటక మీద కాచుకున్నాడు. అప్పుడు కింద తండ్రి తల్లితో అంటున్న మాటలు విన్నాడు. కొడుకంటే తనకెంత గర్వమో, పైకి ఎందుకు పొగడడో ఆయన చెబుతున్నాడు. భారవి కన్నీళ్ళతో దిగి కాళ్ళమీద పడ్డాడు.

ఈ కథను మేం రెండు వైపులా చదువుకుంటున్నాం. నలుగురిలో పొగడకపోవడం మంచిదే. కానీ ఆ తండ్రి ఒక్కసారైనా ఆ మాట కొడుకు చెవిన వేసి ఉంటే బండరాయి దాకా వచ్చేదా? హాలుకు వినిపించేలా కేకలూ వద్దు, బిడ్డకు కూడా వినపడని మౌనమూ వద్దు. మాట ఎవరి కోసమో వాళ్ళకు వినపడితే చాలు.

ఇంకో విషయం చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాం. మన హాల్లో ఆ గొంతు వినేవాళ్ళలో ఇళ్ళలో పనిచేసే అక్కలున్నారు, డ్రైవర్ అన్నలున్నారు. కోనసీమ నుంచి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఖాదిం వీసా మీద కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. 2022లో ఆగిన కుటుంబ వీసాలు 2024 జనవరిలో మళ్ళీ మొదలైనప్పుడు కూడా నెలకు 800 దినార్ల జీతం ఉండాలన్నారు. వాళ్ళ పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. వారానికి ఒక్కసారి సెలవు దొరికి మన హాలుకొచ్చి చివరి వరసలో కూర్చున్న అక్క ముందు, "మేమైతే రోజూ రాత్రి కథ చెప్పకుండా పడుకోబెట్టం" అని గట్టిగా అనుకోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పిల్లలు మన పక్కనుండటం మన గొప్ప కాదు, మనకు దొరికిన అదృష్టం.

ఎవరినీ వేలెత్తి చూపడానికి ఇది రాయలేదు. కొందరి గొంతే పెద్దది. కొందరు పిల్లలకు ప్రతి అడుగూ పైకి చెబితేగాని అర్థం కాదు, ఆ తల్లి అలా చెప్పాల్సిందే. బయటినుంచి చూసి ఏది ఏదో మనం తేల్చలేం. తేల్చుకోగలిగేది మన గొంతు గురించే. దానికి మేం పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఇక్కడ ఎవరూ లేకపోతే ఈ మాట అంటామా? ఇదే గొంతుతో అంటామా? కాదనిపిస్తే వంగి, పిల్లవాడి చెవి దగ్గర చెబుతున్నాం. కోప్పడాల్సి వస్తే చెయ్యి పట్టుకుని బయట వరండాలోకి తీసుకెళ్తున్నాం. చెవిలో చెప్పిన మాటను పిల్లలు నిజంగా వింటున్నారు. ఇది మాకూ ఆశ్చర్యమే.

తరగతిలో కూడా ఒక చిన్న మార్పు చేశాం. ఇకమీదట పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి అప్పజెప్పనక్కర్లేదు, అందరూ కలిసి చెబుతారు. ఒంటరిగా చెప్పాలనిపించినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చెయ్యెత్తుతారు. దయచేసి తల్లిదండ్రులు వెనకనుంచి అందించవద్దు, ఆ కాసేపూ ఫోన్లు సంచుల్లోనే ఉంచండి.

మా పాప మళ్ళీ బొమ్మకు శ్లోకాలు చెబుతోంది. మేం పక్కగదిలో కూర్చుని వింటున్నాం. వీడియో తీయలేదు.