ప్రాసెసరు వేగము – విద్యుత్తు పొదుపు

మే నెల మధ్యాహ్నమున జక్రాన్‌పల్లి, ఆర్మూరు ప్రాంతములలో నీడపట్టున సైతము ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరుట సామాన్యము. అట్టి గదిలోని కంప్యూటరును, నిర్మాతలు నిర్ణయించిన వేగమును మించి నడపవచ్చునా? దీనినే ఓవర్‌క్లాకింగు అందురు. అట్లు నడపుచునే విద్యుత్తును పొదుపు చేయవచ్చునా? ఈ రెండును పరస్పర విరుద్ధములని తలచి, వేగము కోరువారు మొట్టమొదట పొదుపు ఏర్పాట్లన్నిటిని తొలగించి వేయుదురు. నిజమునకు అంత పని లేదు.

ప్రాసెసరులో కోట్లకొలది ట్రాన్సిస్టరులు ఉండును. ఒక్కొక్కటి తెరచుకొని మూసుకొను చిన్న మీట వంటిది. ఈ మీటలన్నియు ఒక గడియార స్పందనమునకు అనుగుణముగా కదలును. సెకనునకు వంద కోట్ల స్పందనములైనచో అది ఒక గిగాహెర్ట్‌జ్. మీట మారినప్పుడెల్ల కొద్ది విద్యుదావేశము నిండి, ఖాళీ యగును. ఆ శక్తి తుదకు వేడిగా మారును. కావున వ్యయమగు సామర్థ్యము పౌనఃపున్యమునకును, వోల్టేజి యొక్క వర్గమునకును అనులోమానుపాతములో ఉండును. ఇందు విద్యార్థులు గుర్తింపవలసినది వర్గము అను మాట. పౌనఃపున్యము రెట్టింపైన వ్యయము రెట్టింపగును. వోల్టేజి రెట్టింపైన నాలుగు రెట్లగును. వేగము పెంచినకొలది మీటలు తడబడక మారుటకు వోల్టేజిని కూడ పెంచవలసి వచ్చును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

ఒక ప్రాసెసరు 3.6 గిగాహెర్ట్‌జ్ వేగమున, 1.20 వోల్టుల వద్ద 60 వాట్లు వాడుచున్నదనుకొందము. దానిని 4.3 గిగాహెర్ట్‌జ్‌కు పెంచి, 1.35 వోల్టులు ఇచ్చితిమి. వేగము సుమారు అయిదవ వంతు మాత్రమే పెరిగినది. వ్యయమో, లెక్క కట్టి చూడుడు, ఒకటిన్నర రెట్లై 91 వాట్లకు చేరును. వేడెక్కిన ట్రాన్సిస్టరుల గుండా ఊరక కారిపోవు విద్యుత్తు దీనికి అదనము.

ఇక పొదుపు సంగతి. బోధన్ చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, చెరకు నలుగగొట్టు రోలర్ల సంగతి ఆ ప్రాంతపు పెద్దలెరుగుదురు. చెరకు అందనప్పుడు రోలర్లను పూర్తి వేగమున త్రిప్పుట శక్తిని దండుగ చేయుటయే. ప్రాసెసరునకును అంతే. మనము జాబు టైపు చేయునప్పుడు రెండు అక్షరముల నడుమ సెకనులో అయిదవ వంతు గడచినను, 4 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసరునకు అది 80 కోట్ల స్పందనముల విరామము! ఈ విరామములలో వేగమును, వోల్టేజిని తగ్గించు ఏర్పాటును ఇంటెల్ సంస్థ 2000లో స్పీడ్‌స్టెప్ అను పేర ల్యాప్‌టాపులలో ప్రవేశపెట్టినది. ఎఎండి సంస్థ 2003లో కూల్ అండ్ క్వయట్ అను పేర దానిని బల్లమీది కంప్యూటరులకు తెచ్చినది.

పెంచిన వేగముతో ఈ ఏర్పాటు పొసగవలెనన్న ఒక నియమము కలదు. యంత్రము ఆరంభమగునప్పుడు తెరచు బయాస్ అమరికలలో వోల్టేజిని 1.35 వద్ద స్థిరముగా బిగించినచో, వేగము 0.8 గిగాహెర్ట్‌జ్‌కు దిగినను వోల్టేజి దిగదు. పై సూత్రము ప్రకారము వ్యయము సుమారు 17 వాట్లు. స్థిరముగా బిగింపక, యంత్రము తానై కోరు వోల్టేజికి కొంత కలుపుటకు ఆఫ్‌సెట్ అను అమరిక ఉండును. దానిని వాడినచో, వోల్టేజి కూడ 0.8 వరకు దిగిన పక్షమున వ్యయము 6 వాట్లు. తేడా 11 వాట్లు; ఒక ఇంటికి ఇది స్వల్పమే. కాని 20 కంప్యూటరులున్న పాఠశాలలో, అవి దినమునకు 5 గంటలు ఇట్లు తీరికగా ఉన్నచో, ఆదా ఒక యూనిటునకు పైగా ఉండును. కరెంటు పోయి, ఇన్వర్టరు బ్యాటరీపై నడచువేళ దీని విలువ మరింత తెలియును.

పొదుపు వలన వేగమే పెరుగు సందర్భము కూడ కలదు. 2008లో వచ్చిన ఇంటెల్ టర్బో బూస్ట్ ప్రాసెసరులలో కొన్ని కోరులు నిద్రించినప్పుడు, మిగిలిన వేడి అవకాశమును పని చేయు కోరు వాడుకొని అధిక వేగమున నడచును. నిద్రావస్థలను తొలగించినవారు ఈ లాభమును పోగొట్టుకొందురు.

మరి వేసవి మాటేమి? వేడిని వెడలించు పరికరము ప్రతి వాటుకు అర డిగ్రీ పెరుగుదలను అనుమతించునదైనచో, 91 వాట్లకు 45 డిగ్రీలు పెరుగును. 25 డిగ్రీల గదిలో ప్రాసెసరు 70 వద్ద నిలుచును. 42 డిగ్రీల గదిలో 87కు చేరును. పెట్టెలోని గాలి గది గాలికంటె మరి పది డిగ్రీలు వేడిగా ఉన్నచో 97. పెక్కు ఇంటెల్ ప్రాసెసరులు సుమారు 100 డిగ్రీల వద్ద ఆత్మరక్షణకై తామే వేగము తగ్గించుకొనును. అంతట పెంచిన వేగము పేరునకే మిగులును.

ప్రయోగింపదలచినవారు ముందుగా తమ ప్రాసెసరు ఇందుకు అనుమతించునో లేదో చూచుకొనవలెను. ఇంటెల్ రకములలో సామాన్యముగా పేరు చివర కె అక్షరము గలవే అనుమతించును. ఓవర్‌క్లాకింగు వలన కలిగిన చెరుపు సాధారణముగా హామీ క్రిందికి రాదు. నిలకడగల వేగమును వెదకునంతసేపు పొదుపును తాత్కాలికముగా ఆపవచ్చును. తరువాత తిరిగి ప్రారంభించి, బరువైన పనితోపాటు తీరిక స్థితిలోను, రెంటి నడుమ మారునప్పుడును పరీక్షింపవలెను. ఆఫ్‌సెట్‌ను తగ్గించినవారి యంత్రములు కొన్ని భారము మోయునప్పుడు గాక, ఊరక ఉన్నప్పుడే ఆగిపోవును. అప్పటి స్వల్ప వోల్టేజి మరింత తగ్గుటయే దానికి కారణము. డిసెంబరులో కుదిరిన అమరికను మే నెలలో, కిటికీలు మూసిన గదిలో, మరల ఒకసారి చూచుకొనవలెను.