సాల్ట్ లేక్ అడుగున పాత నదులు

కోల్‌కతా తూర్పు అంచునున్న సాల్ట్ లేక్‌ను, అంటే నేటి బిధాన్‌నగర్‌ను, 1960ల్లో హుగ్లీ నది నుంచి తోడి గొట్టాల ద్వారా తెచ్చిన పూడికతో ఉప్పునీటి మడుగులను నింపి నిర్మించారు. ఆ పూడిక కిందిది కూడా నదులు వేసిన నేలే. గంగ పాయలు దారులు మార్చుకుంటూ పరచిన బంకమట్టి, ఒండ్రు, ఇసుక ఈ ప్రాంతంలో ఎంత లోతుకు సాగుతాయో 1835–1840 మధ్య ఫోర్ట్ విలియంలో 481 అడుగులు దింపిన బోరు చూపింది; అంత లోతులోనూ రాతి పునాది తగలలేదు. పై పొరల నడుమ అక్కడక్కడ పీట్ ఉంటుంది. చిత్తడి నేలల్లో చెట్టూచేమా పూర్తిగా కుళ్లకుండా పేరుకోగా ఏర్పడే ఈ నల్లటి పదార్థం బరువు పడితే అణిగిపోతుంది కనుక పునాదులకు చేటు. ఇసుకతో వచ్చే ముప్పు వేరు: సాల్ట్ లేక్‌ను హౌరాతో కలిపే మెట్రో సొరంగం తవ్వుతుండగా, 2019 ఆగస్టు 31న బౌబజార్ వద్ద యంత్రం నీరున్న పొరను తాకడంతో పైనున్న ఇళ్లు కుంగాయి, కొన్ని కూలాయి.

బోరు వేసిన చోట తప్ప భూగర్భం కనబడదు కాబట్టి, బోరులోకి పరికరాన్ని దించి సహజ గామా వికిరణాన్ని, విద్యుత్ నిరోధకతను అడుగడుగునా కొలుస్తారు. పొటాషియం, థోరియం అధికంగా ఉండే బంకమట్టిలో గామా ఎక్కువ, శుభ్రమైన ఇసుకలో తక్కువ. నది వంపు లోపలి ఒడ్డున పడే మేటలో అడుగున ముతక ఇసుక, పైకి వచ్చేకొద్దీ సన్న ఇసుక, ఒండ్రు ఉంటాయి. అందుకే గామా రేఖ కింది నుంచి పైకి క్రమంగా పెరుగుతుంది. మెషీన్ లెర్నింగ్ ఈ పోలికలనే పట్టుకుంటుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు మట్టి నమూనాలు చూసి పేర్లు పెట్టిన బోర్ల కొలతలను కంప్యూటరుకు ఇస్తే, ఏ కొలతల కలయిక ఏ పొరకు చెందిందో అది నేర్చుకుని, నమూనాలు తీయని బోర్లలో పొరలను అంచనా వేస్తుంది.

అయితే వేరే దేశపు బోర్లపై నేర్చిన కంప్యూటరు మోడల్‌ను బెంగాల్‌కు యథాతథంగా తేవడం పొరపాటు. హిమాలయాల నుంచి కొట్టుకువచ్చిన ఇసుకలోని అభ్రకం, ఫెల్స్‌పార్ గామాను పెంచుతాయి. ఉప్పునీరు నిండిన ఇసుక విద్యుత్తును సులువుగా పోనిచ్చి బంకమట్టిలా భ్రమింపజేస్తుంది. పరీక్షించే తీరులోనూ జాగ్రత్త అవసరం: ఒకే బోరులో పక్కపక్కనున్న కొలతలు దాదాపు ఒకటే కాబట్టి, వాటిలో కొన్నింటిని దాచిపెట్టి పరీక్షిస్తే ఫలితం అబద్ధపు ధీమానిస్తుంది, యంత్రం అసలు చూడని బోర్లనే పరీక్షకు ఉంచాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పీట్‌దే. వంద కొలతల్లో మూడు మాత్రమే పీట్‌వైతే, ఆ మూడింటినీ బంకమట్టి అని చెప్పిన యంత్రానికి కూడా 97 మార్కులు రావచ్చు, కాని పునాది వేసే ఇంజనీరుకు కావలసింది ఆ మూడే. ఉత్తర సముద్రపు నార్వే బావుల కొలతలతో 2020లో జరిగిన ‘ఫోర్స్’ మెషీన్ లెర్నింగ్ పోటీలో ఈ విషయాన్ని సరిగ్గా గుర్తించారు: ఏ రాతిని ఏ రాతిగా పొరబడితే ఎంత కోత పడాలో భూగర్భ శాస్త్రజ్ఞులు ముందే పట్టిక వేసి, దాని ప్రకారమే మార్కులు ఇచ్చారు. సాల్ట్ లేక్ బోర్లకు అలాంటి పట్టిక వేస్తే, పీట్‌ను, నీరున్న ఇసుకను గుర్తించలేకపోవడానికే అన్నిటికన్నా భారీ కోత విధించాలి.