గిటార్‌పై చిప్ప పొదగడానికి ఏ రౌటర్ కొనాలి?

గిటార్ మెడ మీద మెరిసే ముత్యపు చిప్ప ముక్కలు పైపైన అంటించినవి కావు. ఫ్రెట్‌బోర్డు చెక్కలో అదే ఆకారంలో గుంట తీసి, అందులో పొదుగుతారు. ముక్క మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే. చెయ్యి కాస్త జారినా సందు కనబడిపోతుంది. వడ్రంగం తెలిసిన మన కుర్రాళ్లు ఈ నాజూకు పని నేర్చుకోవాలంటే ముందు మెషీన్ సరిగా ఎంచుకోవాలి.

షాపుల్లో దొరికే ట్రిమ్ రౌటర్ బలమైనదే. కానీ బరువు ఎక్కువ, బిట్టు కొన సరిగా కనబడదు. ఈ పనికి డ్రెమెల్ లాంటి చిన్న రోటరీ టూల్ నయం. ఇది 3.2 మి.మీ. కాడ ఉన్న బిట్లను పట్టుకుంటుంది. ఖాళీ తొలచడానికి 1.6 మి.మీ., మూలలకు 0.8 మి.మీ. బిట్టు చాలు.

టూల్‌తో పాటు రౌటర్ బేస్ తప్పనిసరి. ప్లాస్టిక్ బేస్ ఒత్తిడికి వంగితే గుంట లోతు మారిపోతుంది. అందుకే ఖర్చు తగ్గించాలనుకుంటే టూల్ మీద తగ్గించండి, బేస్ మాత్రం గట్టి లోహంది తీసుకోండి.

కొనే ముందు బిట్టు బిగించి ఆన్ చేయించండి. కొన ఊగుతుంటే వద్దనండి. స్పీడు మార్చుకునే వీలుండాలి. మొదట పనికిరాని చెక్క మీద, రెండు మూడు విడతలుగా లోతు తీస్తూ చెయ్యి కుదుర్చుకోండి.

ఒక్క మాట మరవొద్దు. చిప్ప పొడి, చెక్క పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. రుమాలు కట్టుకుంటే చాలదు. ఎన్‌95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. పిల్లలు తిరిగే గదిలో ఈ పని చేయకండి.