పంపడం తెలుసు... పిలవడం?

అమెరికా, బ్రిటన్‌లకు పిల్లల్ని పంపడంలో తెలుగు రాష్ట్రాలది అందెవేసిన చేయి. మరి పరాయి దేశాల పిల్లలు మన విశ్వవిద్యాలయాలకు రావాలంటే ఏం కావాలి?

అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలి, ఏ బ్యాంకు ఎంత లోన్ ఇస్తుంది, వీసా ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, చదువయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారు... అమీర్‌పేటలో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా వీటికి సమాధానం దొరుకుతుంది. 2024-25లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3.63 లక్షల మంది. వాళ్లలో మనవాళ్లు ఎందరో అక్కడి క్యాంపస్‌లే చెబుతాయి. ఇటువైపు చూస్తే, అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్కల ప్రకారం 2021-22లో దేశం మొత్తమ్మీద చదువుతున్న విదేశీ విద్యార్థులు 46,878 మందే. అందులోనూ నాలుగో వంతుకు పైగా పొరుగునున్న నేపాల్ వాళ్లే.

కొత్తేమీ కాదు

విదేశీయులు హైదరాబాద్‌కు కొత్త కాదు. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెనీ అరబ్బుల వారసులు నేటికీ బార్కస్‌లో ఉన్నారు. యెమెన్, ఇరాక్, సూడాన్, సోమాలియాల నుంచి ఉస్మానియాకు చదువుకోసం వచ్చేవాళ్లు టోలీచౌకి చుట్టుపక్కల గదులు తీసుకుంటారు. ఇంగ్లిష్ బోధన కోసం 1958లో మొదలై ఇప్పుడు ‘ఇఫ్లూ’గా పిలుస్తున్న సంస్థ విదేశీయులకూ భాష నేర్పుతోంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ విదేశీ విద్యార్థులు వస్తున్నారు. కొందరిని భారత సాంస్కృతిక సంబంధాల మండలి స్కాలర్‌షిప్పులు రప్పిస్తే, మిగిలినవాళ్లు సొంత ఖర్చుతో వస్తారు. ఇంగ్లిష్ మీడియం, పడమటి దేశాలతో పోలిస్తే తక్కువ ఖర్చు, ముందే వచ్చిన అన్నో బంధువో ఇచ్చే భరోసా... వాళ్ల లెక్కలూ మన ఇళ్లలో వేసే లెక్కలే.

‘మన పిల్లల సీట్లు వాళ్లకిచ్చేస్తారా’ అన్న అనుమానం అక్కర్లేదు. విదేశీయుల కోసం మంజూరైన సీట్లకు అదనంగా 25 శాతం దాకా సూపర్‌న్యూమరరీ సీట్లు ఏర్పాటు చేసుకోవచ్చని యూజీసీ 2022లోనే చెప్పింది. కేంద్రం 2018లో ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. సీట్లున్నాయి, ప్రచారమూ ఉంది. చిక్కంతా విమానం దిగాకే.

దిగాక మొదలు

దీర్ఘకాల వీసాపై వచ్చిన విద్యార్థి 14 రోజుల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. చిరునామా రుజువు కావాలంటే ఇల్లు కుదరాలి. అద్దెకున్న విదేశీయుడి వివరాలు యజమాని అధికారులకు తెలపాల్సి రావడంతో ‘ఈ తలనొప్పి మనకెందుకు’ అని చాలామంది తలుపు దగ్గరే పంపేస్తారు. రంగు చూసీ, తిండి చూసీ వెనక్కి పంపేవాళ్లూ తక్కువేం కాదు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది మనకు అలవాటైపోయినదే: వాయిదా. పరీక్షలు నెల వెనక్కి జరిగితే ఇక్కడి కుర్రాడు ఊరెళ్లి వస్తాడు. విదేశీ విద్యార్థికి మాత్రం ఆ నెలకు అద్దె కట్టాలి, వీసా గడువు దగ్గరపడితే పొడిగింపు కోసం కాగితాలు పట్టుకుని తిరగాలి. ఫలితాలు ఆలస్యమైనా, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రాకపోయినా స్వదేశంలో దొరకాల్సిన ఉద్యోగం చేజారొచ్చు. దీనికితోడు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్లుగా నిండని అధ్యాపక పోస్టులు. గైడ్ దొరకని పరిశోధక విద్యార్థి తన తమ్ముణ్ని ఇదే క్యాంపస్‌కు రమ్మని ఎలా పిలుస్తాడు?

భద్రత సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘స్టడీ ఇన్ గుజరాత్’ అంటూ ప్రచారం చేసిన రాష్ట్రంలో 2024 మార్చిలో గుజరాత్ విశ్వవిద్యాలయ హాస్టల్‌లో నమాజు చేస్తున్న విదేశీ విద్యార్థులపై దాడి జరిగింది. ఏళ్ల ప్రచారం ఆ ఒక్క రాత్రి దాడి వీడియో ముందు నిలవదు.

ఎందుకు పిలవాలి?

ఫీజు రూపంలో వచ్చే డబ్బు నిజమే. విదేశీయుల ఫీజు స్థానికులకన్నా ఎక్కువే ఉంటుంది. అంతకన్నా పెద్ద లాభం వెంటనే కనబడదు. సిమ్లాలో హిమాచల్‌ప్రదేశ్ విశ్వవిద్యాలయంలో పీజీ చేసిన హమీద్ కర్జాయ్ ఆ తర్వాత అఫ్గానిస్థాన్ అధ్యక్షుడయ్యారు. అందరూ అంతవాళ్లు కాకపోవచ్చు. అయినా రేపు ఆఫ్రికాలో ఆసుపత్రి నడిపే డాక్టరు, గల్ఫ్‌లో టెండరు ఖరారు చేసే ఇంజినీరు మన ఊళ్లో చదువుకున్నవాడైతే మన కంపెనీకీ, మన పిల్లలకీ అక్కడ ఒక తెలిసిన గుమ్మం ఉన్నట్టే. తరగతిలో పక్క బెంచీ మీద సూడాన్ విద్యార్థి కూర్చుంటే విమానమెక్కలేని సిరిసిల్ల పిల్లకూ ప్రపంచం కాస్త తెలుస్తుంది.

రాష్ట్రం చేయగలిగింది

వీసాల వ్యవహారం కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. విద్యార్థి వీసాపై పార్ట్‌టైం ఉద్యోగం చేయకూడదు. చదువయ్యాక ఇక్కడే పని చేయాలంటే వేరే వీసా, దానికి కనీస జీతం షరతు. అమెరికాలో సైన్స్, టెక్నాలజీ కోర్సులు చదివినవాళ్లకు మూడేళ్ల దాకా పనిచేసే వీలుందని తెలిసే మనవాళ్లు అప్పు చేసి వెళ్తున్నారు. అలాంటి దారి ఇక్కడా ఉండాలని రాష్ట్రాలు ఢిల్లీని గట్టిగా అడగాలి.

మిగిలినవి ఇక్కడే తేలతాయి. రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, ఫిర్యాదు అన్నీ చూసే ఒకే కార్యాలయం, మొదటి ఏడాది తప్పనిసరిగా హాస్టల్ గది, ఖాళీల భర్తీ. వీటన్నిటికన్నా ముందు, ప్రకటించిన తేదీకే పరీక్ష, చెప్పిన వారానికే ఫలితం. ఇందుకు విదేశాల్లో రోడ్‌షోలు అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. పైగా దీనివల్ల ముందుగా బాగుపడేది మన పిల్లల చదువే. ఆదిలాబాద్ నుంచి వచ్చిన విద్యార్థికి మాట నిలబెట్టుకోలేని విశ్వవిద్యాలయం అడిస్ అబాబా విద్యార్థికి కొత్తగా ఏం ఇవ్వగలదు?