డబ్బ ఆళ్లది, ఆట ఎవలది?

సిద్దిపేట జిల్లా బయటోళ్లకు మా ఇబ్రహీంపూర్ అంటె ఎక్కువ యాదికొచ్చే ముచ్చట ఒకటున్నది. 2016ల పెద్ద నోట్లు రద్దయినంక నగదు రహిత గ్రామమని పేరొచ్చింది. గప్పుడు అందరి కన్ను స్వైప్ మిషిన్ మీదనే. కాని మిషిన్ ఒక్కటి పెడితే పని కాదు. కొనెటోని చేతిల కార్డుండాలె, కార్డు ఎనుక బ్యాంకు ఖాతా ఉండాలె, కిరాణ దుకాణమాయన ఒప్పుకోవాలె. ఇందుల ఏ ఒక్కటి లేకున్నా మిషిన్ ఉత్త డబ్బనే.

టీవీకి పెట్టుకోని ఆడే వీడియో గేమ్ కన్సోల్ కథ గూడ గిట్లనే ఉంటది. ప్లేస్టేషన్ గాని, ఎక్స్‌బాక్స్ గాని, నింటెండో గాని, దాని ఎనుకున్న యాపారం సమజైతె మన భాష, మన ఆటలు అందుల ఎందుకు కనవడయో తెలుస్తది.

కన్సోల్‌ను ఒక అంగడి జాగ అనుకోండ్రి. జాగ కంపెనీది. కంపెనీ సొంతంగ నాలుగు దుకాండ్లు పెడుతది. మిగిలిన సామాన్ బయటోళ్లు తెస్తరు. ఆళ్లనే థర్డ్ పార్టీ అంటరు. ఆళ్లు అమ్మే ప్రతి ఆట మీద జాగ ఆసామి తైబజారు వసూలు చేస్తడు. ఆన్‌లైన్ స్టోర్లల్ల అది మామూలుగ 30 శాతం. డబ్బ మీద లాభం తక్కువ, ఒక్కోసారి నష్టానికే అమ్ముతరు. అసలు పైసలు ఆటల మీదనే వస్తయి. అందుకే ఎన్ని డబ్బలు పోయినయన్నది ఒక్కటే సూస్తె సాలదు, ఒక్కో డబ్బకు ఎన్ని ఆటలు కొన్నరన్నది గూడ సూడాలె.

నింటెండో సంగతి సూడుండ్రి. దాని వీ డబ్బలు 10 కోట్లకు పైన అమ్ముడుపోయినయి. 2012ల దాని తర్వాత వీ యూ తెచ్చిండ్రు. కొన్నోళ్లు తక్కువున్నరని బయటి కంపెనీలు ఒక్కొక్కటే జారుకున్నయి. ఆటలు తక్కువున్నయని కొనెటోళ్లు ఇంకా తగ్గిండ్రు. నింటెండో సొంత ఆటలు మంచిగనే ఉన్నా అంగడి నిండలే. ఆఖరికి కోటి 35 లక్షల కాడ ఆగింది. అట్ల పక్కకు జరిగినోళ్లల్ల ఈఏ కంపెనీ ఒకటి. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌ల ఆఫీసున్నది.

మరి మన ఆట ఎన్నడు కన్సోల్ ఎక్కలేదా అంటె, ఎక్కింది. 2009ల హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. పూర్తిగ మన దేశంలనే తయారైన మొదటి కన్సోల్ ఆటగ దానికి పేరు. అదే ఏడు హైదరాబాద్‌దే గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' చేసింది. కబడ్డి, పతంగులు, మనం చిర్రగోనె అనే గిల్లీ దండా టీవీ మీదికొచ్చినయి. రెండింటినీ మార్కెట్ల పెట్టింది సోనీనే. అంటె జాగ ఆసామే పిలిచి దుకాణం పెట్టిచ్చిండు.

ఎందుకు సాగలే? ప్లేస్టేషన్ 2 వచ్చింది 2000ల. ప్రపంచం మొత్తంల 15 కోట్లకు పైన అమ్ముడుపోయింది. 2006ల ప్లేస్టేషన్ 3 వచ్చినంక బయటి దేశాలోళ్లు దానిదిక్కు మళ్లిండ్రు. ధర తక్కువని మనకాడ పాతదే నడిసింది. మన ఆటలు ఎక్కేసరికి అంగడి లేసే యాళ్లయింది. 2013 మొదట్లకల్లా ఆ డబ్బ తయారీనే బందయింది. పైంగ మనకాడ దొంగ సీడీలు అగ్గువకు దొరికినయి. డబ్బ అమ్ముడుపోయినా అసలు సీడీ కొనెటోళ్లు తక్కువ. గట్లయితె ఆట చేసినోనికి ఏం గిట్టుబాటైతది?

అట్లని కొనెటోన్ని తిట్టుడు న్యాయం కాదు. 2021 ఫిబ్రవరిల ప్లేస్టేషన్ 5 మన దేశానికొచ్చినప్పుడు ధర 49,990 రూపాయలు. పెద్ద ఆట ఒక్కటి 4,999. ఆ ఏడు ఏప్రిల్ నుంచి తెలంగాణల ఉపాధి హామీ కూలి రోజుకు 245. అంటె డబ్బకు 200 రోజుల కూలి దాటుతది, ఒక్క ఆటకు 20 రోజులు. అప్పట్ల ఉపాధి పని ఇచ్చేదే ఏడాదికి 100 రోజులుండె. రెండేండ్ల పని పెట్టినా డబ్బ రాకపోయేది.

అమ్మకాలు లేవని మన ఆటలు చెయ్యరు, మనయి లేవని మనోళ్లు కొనరు. ఈ సుట్టు తిరుగుడును ముందుగాల పైసలు పెట్టెటోడే ఆపాలె. 2009ల సోనీ జరంత పెట్టింది. ఇప్పుడు సర్కారు పెట్టాలె. గేమింగ్ కంపెనీలకు జాగలు, రాయితీలు ఇచ్చేటప్పుడు ఎన్ని కొలువులిస్తరని అడుగుతె సరిపోదు. తెలుగుల ఎన్ని ఆటలు చేస్తరని గూడ అడగాలె. చిన్న టీములకు కన్సోల్ డెవలప్‌మెంట్ కిట్ల ఖర్చు, ఆట పాసయ్యేదాక అయ్యే టెస్టింగ్ ఖర్చు భరించాలె. బొమ్మ గీసే చెయ్యి, కోడ్ రాసే చెయ్యి మనకాడ ఉన్నయి. అవి ఎంతసేపు పరాయి ఆటలకే పని చేసుకుంట కూసుంటె, చిర్రగోనె ఎట్లుంటదో మన పిల్లలకే ఎరుక లేకుంట పోతది.