వెతికిన చోటే దొరికే దొంగ

హైదరాబాద్‌లోని సైనిక్‌పురి పేరులోనే దాని పుట్టుక ఉంది. మాజీ సైనికాధికారుల కోసం వెలసిన కాలనీ, చెట్ల నీడన విశాలమైన ఇళ్లు. ఇలాంటి కాలనీలో ఏ ఇంట్లో దొంగతనం జరిగినా మర్నాడు అందరూ ముందు అడిగేది తాళం సంగతి కాదు. వాచ్‌మన్‌ది ఏ ఊరు, పనిమనిషి ఎక్కణ్నుంచి వచ్చింది అని. నగరంలోని బస్తీలకు తెల్లవారుజామున వీధులు మూసి చేసే నిర్బంధ తనిఖీలు బాగా తెలుసు. పెద్ద ఇళ్ల వీధుల్లో అలాంటి తెల్లవారుజాము నేనెన్నడూ చూడలేదు.

ఈ తేడా ఏం చేస్తుందో ఒక లెక్క వేద్దాం. ఒక బస్తీ, ఒక కాలనీ. రెండు చోట్లా నూటికి 5 బండ్లకు కాగితాలు లేవనుకుందాం. పోలీసులు బస్తీలో 80 బండ్లు, కాలనీలో 20 బండ్లు ఆపారు. అక్కడ 4 దొరికాయి, ఇక్కడ 1. రికార్డు చూస్తే బస్తీలో తప్పు నాలుగింతలు! వచ్చే నెల తనిఖీ మళ్లీ అక్కడే. తప్పు పాళ్లు రెండు చోట్లా ఒకటే, వెతుకులాటే వేరు. అందుకే అర్థశాస్త్రజ్ఞులు ఎంతమంది దొరికారని అడిగి ఊరుకోరు, ఎంతమందిని ఆపితే దొరికారని అడుగుతారు.

2001లో నోల్స్, పెర్సికో, టాడ్ అనే ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు అమెరికాలోని మేరీల్యాండ్ హైవే సోదాలను ఇలాగే పరిశీలించారు. ఆ రోడ్డు మీద వాహనదారుల్లో నల్లజాతివారు 18 శాతం, సోదాకు గురైనవారిలో 63 శాతం. సోదా చేస్తే నిషిద్ధ సరుకు దొరికిన పాళ్లు మాత్రం నల్లవారిలో 34 శాతం, తెల్లవారిలో 32 శాతం. దాదాపు సమానమే కాబట్టి నల్లవారిపై ద్వేషంతో సోదా చేశారనడానికి ఆధారం లేదని తేల్చారు. ఈ తీర్పుతో నాకు తృప్తి లేదు. ద్వేషం లేకున్నా భారం ఉంది. సోదా చేసిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరి దగ్గర ఏమీ దొరకలేదు, అలా దొరకనివారిలోనూ ఎక్కువమంది నల్లవారే.

ఇక నేరాన్నే అర్థశాస్త్రపు తక్కెడలో పెట్టినవాడు అర్థశాస్త్రజ్ఞుడు గ్యారీ బెకర్. 1968 నాటి ఆయన వ్యాసం ప్రకారం మనిషి ఒక పళ్లెంలో నేరపు రాబడిని, పట్టుబడే ముప్పును, శిక్షను పెట్టి, రెండో పళ్లెంలో నిజాయితీ సంపాదనను పెట్టి తూచుకుంటాడు. ఈ తక్కెడను బాపట్ల దగ్గర, దొంగల ఊరని ముద్రపడ్డ స్టువర్టుపురానికి తీసుకెళ్లి చూడాలి.

ఆ ఊళ్లో స్థిరపరచిన ఎరుకలవారు అంతకుముందు పశువుల మీద తీరం నుంచి ఉప్పు మోసి లోపలి ఊళ్లలో అమ్మి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవారు. ఉప్పు మీద తెల్లదొరల గుత్తాధిపత్యం, ఆపైన రైలు ఆ వ్యాపారాన్ని మింగేశాయి. బతుకుతెరువు పోయినవారిని చట్టం దొంగలన్నది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. వారి కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన ఈ స్థిరనివాసానికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అక్కడున్నవారు హాజరు చెప్పాలి, పొలిమేర దాటాలంటే అనుమతి చీటీ కావాలి.

ఆ చట్టం పట్టుబడే ముప్పును పెంచింది, నిజమే. రెండో పళ్లేన్ని మాత్రం నరికేసింది. పొద్దుగూకితే హాజరుకు తిరిగి రావలసినవాడు ఏ సంతకు పోగలడు? పుట్టుకతో దొంగని ముద్రపడ్డవాడికి ఏ రైతు కళ్లం కాపలా ఒప్పజెబుతాడు? నిజాయితీకి కూలి లేకుండా చేసి, ఆపైన దొంగతనానికి శిక్ష వేసిన లెక్క ఇది. దీన్ని తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. మచ్చ పోలేదు. సంఘసంస్కర్త హేమలతా లవణం అక్కడివారి మార్పు కోసం ఏళ్ల తరబడి శ్రమించారు. అయినా 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ దాకా మన సినిమాకు ఆ ఊరంటే దొంగే.

పుట్టుకతో వేసే ఇలాంటి ముద్రను చెరిపే దిశగానే 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడిని తొలగించమంది. తనిఖీ రిజిస్టర్లలో మరో గడి చేర్చాలి: ఆపినా ఏమీ దొరకనివారి సంఖ్య. అది ఉంటే, పైన నేను ఊహించిన లెక్కలో బస్తీలోని 76 మంది, కాలనీలోని 19 మంది లాంటివారు నిజమైన అంకెలుగా మన ముందుకొస్తారు.