‘ఇన్‌డిస్క్రిమినిట్’ అంటే వివక్ష లేకపోవడం కాదు!

గ్రూప్ డిస్కషన్‌లో ‘కంపెనీలు వివక్ష చూపకుండా ఉద్యోగాలివ్వాలి’ అని చెప్పబోయి ‘కంపెనీస్ షుడ్ హైర్ ఇన్‌డిస్క్రిమినిట్లీ’ అనేశారనుకోండి. అర్థమే మారిపోతుంది. అర్హత చూడకుండా, ఎవరు పడితే వారిని తీసుకోవాలని చెప్పినట్టవుతుంది!

ఈ చిక్కు ఎందుకంటే... ‘డిస్క్రిమినేట్’ అనే క్రియకు రెండర్థాలున్నాయి. తేడాను గుర్తించడం ఒకటి, కొందరిని తక్కువగా చూడటం రెండోది. తెలుగులో వీటికి వేర్వేరు మాటలున్నాయి. మొదటిది విచక్షణ, రెండోది వివక్ష. ‘ఇన్‌డిస్క్రిమినిట్’లో లోపించేది విచక్షణ. వార్తల్లో ‘విచక్షణారహితంగా కాల్పులు’ అని చదువుతుంటాం కదా, అదే ‘ఇన్‌డిస్క్రిమినిట్ ఫైరింగ్’. ఇది గుర్తుంచుకుంటే చాలు. పలికేటప్పుడు ఈ విశేషణం చివర ‘నేట్’ కాదు, ‘నిట్’ అనాలి.

మరి వివక్ష లేదని ఎలా చెప్పాలి? ‘నాన్‌డిస్క్రిమినేటరీ’, ‘వితౌట్ డిస్క్రిమినేషన్’ అనండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా రాజ్యాంగంలోని 15వ అధికరణ నిషేధించింది ఈ ‘డిస్క్రిమినేషన్’నే.

ఎలా వాడతారు?

* ఇన్‌డిస్క్రిమినిట్ యూజ్ ఆఫ్ యాంటిబయాటిక్స్: అవసరమున్నా లేకున్నా యాంటిబయాటిక్స్ వాడేయడం.
* ఇన్‌డిస్క్రిమినిట్ ఫెల్లింగ్ ఆఫ్ ట్రీస్: ఇష్టమొచ్చినట్టు చెట్లు నరికేయడం.
* హీ ఈజ్ ఇన్‌డిస్క్రిమినిట్ ఇన్ హిజ్ చాయిస్ ఆఫ్ ఫ్రెండ్స్: ఎలాంటివారితోనైనా స్నేహం చేసేస్తాడు.

ఇంటర్వ్యూలో హాబీల గురించి అడిగితే ‘ఐ రీడ్ ఇన్‌డిస్క్రిమినిట్లీ’ అనకండి. ఏది దొరికితే అది చదువుతానని ఒప్పుకున్నట్టే. ‘ఐ రీడ్ వైడ్లీ’ అంటే రకరకాల పుస్తకాలు చదువుతానని అర్థం.

దగ్గరి మాటలు

* అన్‌డిసర్నింగ్: మంచిదేదో, నాసిదేదో తేడా తెలియని. ఇందులో ‘సి’ని ‘స’గానే పలకాలి. ‘డిస్కర్నింగ్’ తప్పు.
* గల్లిబుల్: ఎవరేం చెప్పినా నమ్మేసే. ముందే ఫీజు కడితే ఉద్యోగం గ్యారంటీ అనే మోసగాళ్లు వెతికేది ఇలాంటివారినే.
* వ్యతిరేక పదాలు: సెలెక్టివ్, డిస్క్రిమినేటింగ్. ‘ఎ డిస్క్రిమినేటింగ్ రీడర్’ అంటే తిట్టు కాదు, మంచి అభిరుచి ఉన్న పాఠకుడని మెచ్చుకోవడం.

ప్రయత్నించండి

1. ది ------ యూజ్ ఆఫ్ పెస్టిసైడ్స్ హార్మ్స్ ది సాయిల్.
2. అవర్ కంపెనీ ఫాలోస్ ఎ ------ హైరింగ్ పాలసీ.

జవాబులు: 1. ఇన్‌డిస్క్రిమినిట్ 2. నాన్‌డిస్క్రిమినేటరీ